దక్షిణానికి తిప్పిన పడవ

పోయిన నెల ఇద్దరు యువకులు నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. ఏదో జలాశయం దగ్గర బోటింగు పాయింటులో కొత్తగా ఉద్యోగంలో చేరారట. పాతకాలంలో పడవ డ్యూటీ చేసిన మనిషి ఒకడు ఇంకా బతికే ఉన్నాడని ఎవరో చెబితే చూసిపోదామని వచ్చారు. కాఫీ తాగుతూ వాళ్లలో ఒకడు అడిగేశాడు: "తాతా, మన జిల్లాలో తాగేకే నీళ్లు లేకపాయ. ఇంగ మునిగి చచ్చేదెట్ల?"

ముగ్గురం నవ్వుకున్నాం. వాళ్లు వెళ్లిపోయాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. నేను చూసినంతలో, మన వైపు జనం నీళ్లలో పోయింది నీళ్లు ఎక్కువై కాదు, నీళ్లతో పరిచయం లేక. ఆ సంగతి ఆ పిల్లలకు నోటితో సరిగ్గా చెప్పలేకపోయాను. మాటల్లో నేను తడబడతాను, కాగితం మీద కాస్త నయం. అందుకని ఇలా రాస్తున్నాను.

నీటిపారుదల శాఖలో నా ఉద్యోగం పేరు వర్క్ ఇన్‌స్పెక్టరు. ఎప్పుడు ప్రమోషను వచ్చింది, ఎవరు ఆపారు, ఏ ఫైలు ఎక్కడ ఇరుక్కుంది లాంటివి ఇందులో ఉండవు. అవి రాస్తే ముందు నాకే నిద్ర వస్తుంది. డ్యాము పేరు కూడా రాయను, మనుషుల పేర్లు మార్చాను. అప్పటివాళ్ల పిల్లలు, మనవలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

నీళ్లు తెలియని జనం

మాది బెళుగుప్ప వైపు. అమ్మా నాయనా ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. ఆదివారం చర్చికి, తక్కిన రోజులు పరాయివాళ్ల చేలకు. ఒక రైతు మోటబావిలో, వీపుకు ఎండిన సొరకాయలు కట్టుకుని నేను ఈత నేర్చుకున్నాను. మా ఈడువాళ్లలో ఈత వచ్చినవాళ్లు చాలా తక్కువ. ఉద్యోగంలో చేరిన కొత్తలో పై అధికారి "ఎవరికయ్యా ఈత వచ్చు?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. అంతే, డ్యాము మీదికి పంపించారు. పడవ గురించి నాకున్న అర్హత అదొక్కటే.

యాభైల్లో ఒక వంకకు అడ్డంగా కట్టిన డ్యాము అది. మూడొంతుల కాలం అడుగున బురద, మధ్యలో నాలుగు గుంటలు, చుట్టూ గొర్రెల మందలు. వానలు బాగా పడిన ఏడు మాత్రం కొండల కిందిదాకా నీళ్లు నిలిచేవి. ఆ వార్త తెలిసిందంటే నల్లమాడ నుంచి, మడకశిర నుంచి కూడా జనం బస్సులెక్కి వచ్చేవాళ్లు. సద్దులు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, కట్ట మీద వరసగా నిలబడి నీళ్లను చూసి వెళ్లిపోయేవాళ్లు. ముసలివాళ్లు కొందరు చెప్పులు విడిచి దండం పెట్టేవాళ్లు.

మా ఇంజనీరుగారిది గోదావరి లంకల్లో ఊరు. పడవెక్కి బడికి పోయిన మనిషి. డ్యాము తనిఖీకని కోస్తా నుంచి లారీ మీద ఒక చెక్క పడవ తెప్పించాడు. ఒక సాయంత్రం కట్ట మీది జనాన్ని చూసి, "ఇంత దూరం వచ్చి ఒడ్డున నిలబడి పోతున్నారయ్యా, పాపం. ఆదివారాలు ఒక రౌండు తిప్పండి" అన్నాడు. మా దగ్గర విహారం పడవ అలా మొదలైంది. మంచి మనసుతో అన్న మాటే అది. దాని వెనక ఎంత బాధ్యత ఉందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

పడవ నడిపే హుసేన్ సాబ్ తుంగభద్ర ఒడ్డు నుంచి వచ్చినవాడు. మొదట్లో పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, నడిపి, తర్వాత మా శాఖలో చేరాడు. తెడ్డు వెయ్యడంలో అతనికి వంక పెట్టడానికి లేదు. అయితే అతనికి అలవాటైన ప్రయాణికులు నది ఒడ్డువాళ్లు. మావాళ్లతో అతనికీ కొత్తే.

మావాళ్లు పడవ ఎక్కడం ఎలా ఉండేదంటే, బస్సు ఎక్కినట్టే. ముందు ఎక్కినవాడు అంచు మీద నిలబడి వెనకవాళ్లకు చెయ్యి అందిస్తాడు. కొంచెం ఊగగానే భయపడి లేచి నిలబడతారు. నిలబడి పక్కవాణ్ని పట్టుకుంటారు. వాడు ఇంకొకణ్ని. ఒకరు కొంగను చూపిస్తే అందరూ ఆ పక్కకే. ఆఫీసు ఉద్యోగుల పార్టీ ఒకటి ఫోటో కోసం మొత్తం ఒక మూలకు చేరి, ఫోటోగ్రాఫరు కెమెరాతో సహా నీళ్లలో పడింది. ఒడ్డు పక్కనే కాబట్టి నవ్వుతో పోయింది.

నవ్వులాట కానిది కంబళి. మడకశిర వైపు గొర్రెల కాపరులు ఎండాకాలంలో కూడా భుజాన కంబళి లేకుండా అడుగు వెయ్యరు. ఒకసారి ఒక పెద్దాయన పడవ దిగుతూ నడుములోతు నీళ్లలో జారాడు. నడుములోతే గదా అని అందరూ నవ్వుతున్నారు. ఆయన మాత్రం లేవడం లేదు. తడిసిన కంబళి మెడ చుట్టూ, చేతుల చుట్టూ చుట్టుకుని ఆయన్ను కిందకు లాగేస్తోంది. నేనూ హుసేన్ సాబూ ఇద్దరం కలిసి లాగితే గాని పైకి రాలేదు. అప్పటి నుంచి కంబళి ఒడ్డున పెడితేనే ఎక్కనిచ్చేవాణ్ని. ఒకాయన నాతో గట్టిగా వాదించాడు.

"కంబళి తీసి ఈడ పెట్టు పెద్దయ్యా. ఎవురూ ఎత్తుకోని పోరు."

"ఇది లేకుంటే నేను ఎవురో మా గొర్రెలకే తెలీదప్పా."

"గొర్రెలు పడవెక్కడం లే గదా."

ఆయన కంబళి మడిచి దాని మీద రాయి పెట్టి ఎక్కాడు. దిగేదాకా ఒడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. పాపం, నీళ్లు చూసిందే లేదు.

ఇవన్నీ ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు. "పడవలో కూర్చోవడం కూడా నేర్పాలా దావీదూ మనుషులకి? మా ఊళ్లో గేదెలు కూడా ఎక్కి బుద్ధిగా నిలబడతాయి."

"మా తట్టు బర్రెలు పడవ మొగమే చూడలేదు సార్" అన్నాను. దానికి ఇంకా నవ్వాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. చిన్నప్పటి నుంచి నీళ్ల మీద తిరిగినవాడికి, నీళ్లు తెలియని మనిషి ఎలా ఉంటాడో ఊహకు అందదు. మీకు కూడా ఇలాంటి అధికారులు తగులుతారు. కోపం తెచ్చుకోకుండా చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పండి. నేను చెప్పాల్సినన్నిసార్లు చెప్పలేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

గాలి రోజు

ఆషాఢంలో మన దగ్గర గాలి సంగతి తెలిసిందే. కట్ట మీద నిలబడితే పంచె నిలవదు. ఆ గాలికి లోతు లేని చెరువులో కూడా అలలు లేస్తాయి. అలాంటి ఒక మధ్యాహ్నం పెద్ద అధికారి ఒకాయన కుటుంబంతో జీపులో దిగాడు. పడవ తియ్యమన్నాడు. గాలి ఎక్కువగా ఉంది, వద్దు సార్ అన్నాను. "నేను చూడని గాలా?" అన్నాడు. ఇలాంటి చోట నియమాలు చదివి వినిపిస్తే లాభం ఉండదు.

"అట్లయితే ఒక్క నిమిషం సార్" అని హుసేన్ సాబ్ వైపు చూశాను. అతను నన్ను మించినవాడు. వినయంగా తెడ్లు రెండూ భుజానికెత్తుకుని, "ఒగటి కాస్త చీలినాది సాబ్, వడ్రంగికి చూపిచ్చుకోని వస్తా" అని ఊళ్లోకి నడిచాడు. వడ్రంగి ఇంట్లో మజ్జిగ తాగి, వాళ్లు వెళ్లిపోయాక తిరిగొచ్చాడు. అధికారి భార్య మాత్రం జీపు ఎక్కుతూ నా వైపు చూసి చిన్నగా తల ఊపింది. ఆమెకు విషయం అర్థమైంది.

అబద్ధం ఆడవచ్చా అంటే, నా మటుకు ఆడవచ్చనే చెబుతాను. పై అధికారి కోపం సాయంత్రానికి చల్లారుతుంది. పడవ తిరగబడితే ఎన్నేళ్లయినా చల్లారదు. అది నాకు ఎలా తెలుసో ఇప్పుడు రాస్తాను.

పెద్దల అమావాస్య

డ్యాము లోపల ఒక ఊరు ఉండేది. గుట్టకిందపల్లె అనుకోండి. డ్యాము కట్టేటప్పుడు ఆ ఊరిని మెరక మీదికి మార్చారు. కొత్తూరు అని దానికి పేరు. తలుపులు, దూలాలు, రోళ్లు, తిరగళ్లు అన్నీ బండ్ల మీద వేసుకుపోయారు. వేసుకుపోలేనిది ఒకటే, ఊరికి దక్షిణాన ఉన్న సమాధుల మిట్ట.

భాద్రపద అమావాస్య నాడు ఆ ఊరివాళ్లు పెద్దలకు పెట్టుకుంటారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, సమాధి దగ్గరకు తీసుకుపోయి, దక్షిణం తట్టు తిరిగి, పేరు పెట్టి పిలిచి విస్తరి పెడతారు. ఇది చాలా ఊళ్లలో ఉన్నదే. ఆ ఊరికి మాత్రం ఇంకో పద్ధతి ఉంది. ఎవరికివారు పెట్టకూడదు. ఊరిపెద్ద "పెట్టండప్పా" అన్నప్పుడు అన్ని ఇళ్లవాళ్లూ ఒకేసారి పెట్టాలి. ఒక ఇంటివాళ్లు ముందు పెడితే, తక్కిన ఇళ్ల పెద్దలు ఆకలితో చూస్తూ నిలబడాల్సి వస్తుందని వాళ్ల నమ్మకం.

డ్యాము కట్టాక కొన్నేళ్లు నీళ్లు మిట్ట దాకా రాలేదు. మామూలుగానే నడిచిపోయి పెట్టుకున్నారు. ఒక ఏడు ఎడతెరిపి లేకుండా వానలు కురిసి మిట్ట మునిగింది. అమావాస్య నాడు పొద్దున్నే ఊరిపెద్ద ఎర్రిస్వామి, వెనక ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున గంపలతో పడవ దగ్గరికొచ్చారు.

"పడవ మీద పోయి పైనుంచే పెట్టొస్తాం సారూ" అన్నాడు ఎర్రిస్వామి. ఎక్కించాం. విహారానికి వచ్చినవాళ్లను ఎక్కించేవాళ్లం, వీళ్లను ఎందుకు కాదంటాం? ఎప్పటి లాగానే కంబళ్లు తీయించాను. కదలకుండా కూర్చోమని చెప్పి నేనూ ఎక్కాను.

వాళ్లలో లింగప్ప, హనుమక్క అని మొగుడూ పెళ్లాం ఉన్నారు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు రత్నమ్మ చిన్నతనంలోనే జ్వరమొచ్చి పోయింది. ఆ పిల్లకు పెట్టడానికే వచ్చారు. లింగప్ప మాటకారి. ఎక్కుతూనే హుసేన్ సాబ్‌ను ఆట పట్టించాడు. "సాయిబూ, బండి బాగుండాది గాని, ఎద్దులు యాడ?"

"నేనే ఎద్దునప్పా. గడ్డి తెచ్చినావా?" అన్నాడు హుసేన్ సాబ్. పడవంతా నవ్వింది. హనుమక్క మాత్రం గంప మీద కప్పిన గుడ్డను సర్దుకుంటూ కూర్చుంది.

గుట్టనూ ఒడ్డున ఉన్న ఈత చెట్లనూ గుర్తు పెట్టుకుని హుసేన్ సాబ్ పడవను మిట్ట మీదికి తెచ్చాడు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, అడుగున ఏమీ కనబడదు. పడవ ముక్కు తూర్పుకు ఉంది. ఎర్రిస్వామి లేచి, దక్షిణానికి తిరిగి, "పెట్టండప్పా" అన్నాడు.

అందరూ ఒకేసారి దక్షిణానికి తిరిగారు. అంటే, పడవ కుడి పక్కకు. ఎడమ పక్కవాళ్లు లేచి ఇవతలికి వచ్చారు. రత్నమ్మా, ఓబన్నా, అవ్వా, నాయనా అని పేర్లు పిలుస్తూ విస్తర్లతో వంగారు. కుడి అంచు నీళ్లను తాకింది. ఒక్కసారిగా నీళ్లు లోపలికి వచ్చాయి. "ఎడం తట్టుకు రండి!" అని ఎవరో అరిచారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు. భయంతో ఉన్నవాళ్లు ఆ మాట వినగానే అందరూ కలిసి ఎడమకు దూకారు. కుడి పక్క పైకి లేచింది, లేచి ఆగలేదు. పడవ ఎడమకు బోర్లా పడిపోయింది.

నేను తేలేసరికి చుట్టూ తలలు, గంపలు, విస్తర్లు. పడవ వీపు మీద చేతులు వేసుకుని కొందరు వేలాడుతున్నారు. అందులో హనుమక్క ఉంది. నేనూ హుసేన్ సాబూ దొరికినవాళ్లను దొరికినట్టు పడవ దగ్గరికి లాగాం. ఒడ్డున ఉన్న జాలరి ఒకాయన పుట్టి వేసుకుని వచ్చాడు. లింగప్పను నేను ఒక్కసారే చూశాను. ఈత రాని మనిషి చేతులు కొట్టుకుంటాడు గదా, ఆయన కొట్టుకోలేదు. కూతురి విస్తరిని రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. నేను చేరేలోపల మునిగిపోయాడు. మళ్లీ మళ్లీ మునిగి వెతికాను, ఎర్రనీళ్లలో నా చెయ్యి నాకే కనబడలేదు.

సాయంత్రానికి దొరికాడు. పోయింది ఆయనొక్కడే. ఒక్కడే అని రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. హనుమక్కకు ఉన్నదీ ఒక్కడే.

నిషేధం

విచారణ జరిగింది. పడవ పొడవెంత, వెడల్పెంత, ఎంతమంది ఎక్కారు అని అడిగారు. వాళ్లు ఆ పక్కకే ఎందుకు ఒరిగారని ఎవరూ అడగలేదు. ఇంజనీరుగారు బాగా దెబ్బతిన్నాడు. నవ్వడం మానేశాడు. చివరకు ఒక ఉత్తర్వు వచ్చింది. కొత్తూరువాళ్లను ఇకమీదట పడవ ఎక్కించకూడదు. టౌను నుంచి విహారానికి వచ్చేవాళ్లను జాగ్రత్తలు తీసుకుని ఎక్కించవచ్చు.

జాగ్రత్తలు మంచివే వచ్చాయి. కిరసనాయిలు డబ్బాలు ఖాళీవి తెప్పించి, మూతలు మాటు వేయించి, నీళ్లు నిండినా పడవ తేలేట్టు ప్రతి బల్ల కింద కట్టించాం. పడవలో ఎక్కేవాళ్ల సంఖ్య సగానికి తగ్గించాం. నేను ఒకటి నేర్చుకున్నాను. పడవ ఒరిగినప్పుడు "అటు పోండి, ఇటు రండి" అని ఎప్పుడూ అనకూడదు. "కూర్చోండి, ఉన్నచోటే కూర్చోండి" అనాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా ఈ వ్యాసం చదివినందుకు మీకు గిట్టుబాటే.

కాని ఆ నిషేధం నాకు నచ్చలేదు. మనిషికి నిజంగా అవసరమైన చోటికి పోవద్దంటే ఆగడు, ఇంకో దారిలో పోతాడు. మరుసటి ఏడూ, ఆ పై ఏడూ వానలు బాగానే పడి మిట్ట నీళ్లకిందే ఉంది. మరుసటి ఏడు అమావాస్యకు కొత్తూరు కుర్రవాళ్లు లారీ ట్యూబులకు పాత ఇళ్ల తలుపులు కట్టి నీళ్లలో దిగారు. తెప్ప సగం దూరం పోయి విడిపోయింది. మేము పడవ వేసుకుపోయి అందర్నీ ఎక్కించుకుని తెచ్చాం. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. ఉత్తర్వును మాత్రం మేమే మీరాల్సి వచ్చింది.

ఆ తర్వాతి ఏడు భాద్రపదంలో, అమావాస్యకు కొన్ని రోజుల ముందు, హనుమక్క మా క్వార్టర్సు దగ్గరికి వచ్చింది. గుమ్మం ముందు నిలబడింది, లోపలికి రమ్మంటే రాలేదు. నా భార్య మంచినీళ్లిస్తే తాగి, చెంబు కింద పెట్టి మొదలుపెట్టింది.

"సారూ, ఈ అమాసకు నేను పోవల్ల."

"ఎక్కించగూడదని పైనుంచి ఆర్డరు ఉండాది గదమ్మా."

"నీ ఆర్డరు నీకాడ పెట్టుకో. మా అన్న కొడుకు ట్యూబు తెచ్చినాడు. దాని మింద నేనొగదాన్నే పోతా. ఎవురినీ సంపను."

"ఆ ట్యూబు మింద పోతే నువ్వు తిరిగి రావమ్మా."

"రాకుంటే ఏమాయ?" అంది. గొంతు పెంచలేదు. "మా ఆయప్పకు కొత్తూర్లో సమాధి ఉండాది, ఆడ పెడతా. నా బిడ్డ నీళ్లకింద ఉండాది. అది పోయినప్పుడు గూడా కూడు అడుగుతానే పోయినాది సారూ, జరమని గంజి తప్ప ఏమీ పెట్టకపోతిమి. రెండేండ్లాయ, దానికి ఎవురూ పెట్టలేదు. నువ్వు ఏసును నమ్మేవోనివి, నీకు ఇది పిచ్చిగా కనపడతాదేమో."

పిచ్చిగా కనపడలేదు. మా ఇంట్లో పెద్దలకు పెట్టే ఆచారం లేదు. కాని మా అమ్మ, చిన్నప్పుడే పోయిన మా చెల్లెలి పేరు తలచుకోకుండా ఎప్పుడూ ప్రార్థన ముగించలేదు. హనుమక్క ఉత్తమాటలు మాట్లాడే మనిషి కాదు. ఆమె ట్యూబు మీద పోతుందని, పోతే తిరిగి రాదని నాకు బాగా తెలుసు. నాకు భయమేసింది. ఆ మిట్ట మీద ఆ ఇంట్లో రెండో మనిషి కూడా పోతే నేను ఆ ఉద్యోగంలో ఉండలేను.

అగ్గిపెట్టె

ఆ సాయంత్రమే ఇంజనీరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఆఫీసులో సిగరెట్టు తాగుతున్నాడు. చెప్పింది వినకముందే, "కుదరదయ్యా" అన్నాడు. "మళ్లీ అదే ఊరివాళ్లు, అదే చోటు, అదే రోజు. నీకు మతిపోయిందా?"

"ఆయమ్మ ట్యూబు మింద పోతాది సార్."

"పోలీసులకి చెప్పు."

"ప్రతి ఏడూ పోలీసులను పెడతామా సార్? బిడ్డకు కూడు పెట్టేదానికి పోతాండే మనిషిని పట్టుకోండని ఏం చెప్పల్ల?"

నేను ఆగలేదు. ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పాను. వాళ్లు ఒకేసారి పెట్టాలని, అందరూ దక్షిణం తట్టు తిరిగే పెట్టాలని. ఆయన సిగరెట్టు పక్కన పెట్టాడు.

"దక్షిణమా?"

"అవును సార్. పెద్దలుండేది ఆ తట్టే గదా."

"అందుకని కుడి పక్కకి ఒరిగారా? వాళ్లు గాభరాపడి ఒరిగారని ఇన్నాళ్లూ అనుకుంటున్నానయ్యా" అన్నాడు.

బల్ల మీద ఉన్న అగ్గిపెట్టెను ముందుకు జరుపుకున్నాడు. పుల్లలు తీసి దాని పొడుగు అంచు మీద ఒక పక్కగా పేర్చాడు. అగ్గిపెట్టెను వేలితో ఆ పక్కకు ఒరిగించాడు.

"ఇక్కడ దక్షిణం ఎటు?"

కిటికీ వైపు చూపించాను. ఆయన అగ్గిపెట్టెను వేలితో తిప్పి, దాని కురచ అంచు కిటికీ వైపు పెట్టాడు. పుల్లలు సగం ఆ పక్క, సగం ఈ పక్క పెట్టాడు.

"పడవ ముక్కు దక్షిణానికి తిప్పి లంగరు వేస్తే?" అన్నాడు. "అందరూ ముందుకే చూస్తూ కూర్చుంటారు. ఎవరూ లేవక్కర్లేదు. సగం మంది కుడిపక్క పెడతారు, సగం మంది ఎడమపక్క. ఒకేసారే పెట్టుకోనీ. ఒకేసారి అయితేనే మంచిది కూడా."

ఆ జనంలో పుట్టి పెరిగినవాణ్ని, వాళ్ల పద్ధతి తెలిసినవాణ్ని, నాకు రెండేళ్లలో ఈ ఆలోచన తట్టలేదు. వాళ్లను మార్చాలనే చూశాను గాని పడవను తిప్పాలని తోచలేదు. ఆయన మీద నాకు మొదటి నుంచీ ఉన్న కోపం ఆ పూటతో పోయింది. ఉత్తర్వు సంగతి తాను చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడు కూడా. దానికి ఆయన పడిన తిప్పలు నాకు తర్వాత తెలిశాయి.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ పడవ ఎక్కేవాళ్లు ఎందుకు ఎక్కుతున్నారో ముందు అడగండి. ఒకరు గాలి కోసం ఎక్కుతారు, ఒకరు ఫోటో కోసం, ఒకరు పోయిన బిడ్డ కోసం. ఏ పక్కకు వంగుతారన్నది దాన్ని బట్టే ఉంటుంది. డబ్బాలు, లైఫ్ జాకెట్లు, తాళ్లు అన్నీ ఉండాల్సిందే. అడగడం కూడా ఉండాల్సిందే.

ఎదుటి చోటు

అమావాస్య పొద్దున గాలి లేదు. ఇంజనీరుగారు ఒడ్డున నిలబడి తానే అందర్నీ ఎక్కించాడు. పడవలో అడ్డబల్లలు ఉంటాయి. ఒక్కో బల్లకు ఇద్దరు, కుడి చివర ఒకరు, ఎడమ చివర ఒకరు. ఒకే ఇంటివాళ్లు ఒకే బల్ల మీద. మొగుడూ పెళ్లాం, అన్నా తమ్ముడు, అత్తా కోడలు. ఒళ్లు చూసి బరువు సరిపోయేలా కూర్చోబెట్టాడు. మా ఇంజనీరుగారు "అమ్మా, నువ్వు కొంచెం చివరికి జరుగు తల్లీ" అని అంత ఓపికగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. మిగిలినవాళ్లను రెండో విడతకు ఒడ్డున ఆపాడు. ఎర్రిస్వామి పడవ ముక్కు దగ్గర కూర్చున్నాడు.

హుసేన్ సాబ్ ఆ రోజు తెడ్డు పట్టుకోనన్నాడు మొదట. లింగప్ప గొంతు చెవుల్లో ఉందన్నాడు. హనుమక్కే వెళ్లి, "నువ్వే రావల్ల సాయిబూ. ఇంగొకర్ని నేను నమ్మను" అంది. వచ్చాడు.

మిట్ట మీదికి చేరాక పడవను నెమ్మదిగా తిప్పి, ముక్కు దక్షిణానికి పెట్టి, ముందొక లంగరు, వెనకొక లంగరు దింపాం. నేను వెనక హుసేన్ సాబ్ పక్కన ఉన్నాను. పడవ నిలకడగా ఉంది గాని, కొంచెం ఎడమకు వాలినట్టు అనిపించింది. చూస్తే మధ్య బల్ల మీద హనుమక్క ఎడమ చివర ఒక్కతే కూర్చుని ఉంది. కుడి చివర ఖాళీ. ఎక్కేటప్పుడు ఇంజనీరుగారు ఆ చోట ఎవరినైనా కూర్చోమన్నాడు. అది లింగప్ప చోటని ఊరివాళ్లెవరూ కూర్చోలేదు. ఆయనకూ బలవంతం చెయ్యాలనిపించలేదు.

హనుమక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"సారూ, ఆ తట్టు తేలిగ్గా ఉండాది. నువ్వొచ్చి కూచో."

వంగి, అంచులు పట్టుకుంటూ వెళ్లి కూర్చున్నాను. పడవ సమంగా నిలిచింది. ఆమె గంపలోంచి ఒక విస్తరి తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఇంకొకటి తీసి నాకు అందించింది. అందులో బువ్వ, పప్పు, ఒక బెల్లం ముక్క, రెండు వడలు ఉన్నాయి.

"నేనెట్ల పెడతానమ్మా?" అన్నాను.

"ఆయప్ప చేతిలోది ఆ పొద్దు పెట్టకనే పోయినాది. అది నువ్వు పెట్టు. నాయన పిలిస్తే వచ్చేది సారూ అది. నేను పిలిస్తే ఎప్పుడూ ఒగ పట్టాన వచ్చేది కాదు."

"ఏమని పిలవల్ల?"

"రత్నమ్మా అను. అంతే."

ముందు నుంచి ఎర్రిస్వామి గొంతు వినిపించింది, "పెట్టండప్పా." అందరూ ఒకేసారి వంగారు. సగం మంది ఆ పక్క, సగం మంది ఈ పక్క. నేను విస్తరిని రెండు చేతులా పట్టుకుని నీళ్ల మీదికి వంగాను. లింగప్ప ఎలా పిలిచేవాడో నాకు తెలియదు. మా నాయన మా చెల్లెల్ని పిలిచినట్టు పిలిచాను.

"రత్నమ్మా, రా బిడ్డా, తిను."

అవతలి చివర నుంచి హనుమక్క కూడా అదే అంది. విస్తర్లు నీళ్ల మీదికి వెళ్లాయి. నాకు ఏడుపు ఆగలేదు. పడవ మాత్రం కదల్లేదు.